రోడ్డు మీంచి లేచిన రోజు

మా కొట్లో చెప్పులు కొనడానికి కాళ్ళు రానక్కర్లేదు, కొలత వస్తే చాలు. బయటి ఊరి చుట్టాలకి ఈ మాట చెబితే నవ్వుతారు. మాది తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న బస్తర్ బజారు ఊరు. సంత రోజున గొల్లపల్లి దారి వెంటా, ఇంకా లోపలి అడవి దారుల వెంటా జనం చీకటితోనే బయల్దేరి నడిచొస్తారు. గూడెం మొత్తం రావడం కుదరదు కదా. పొలాలుంటాయి, పశువులుంటాయి, ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఉంటారు. అందుకని ఊరందరి తరఫునా ఒకరో ఇద్దరో వచ్చి అందరి సామానూ కట్టించుకుపోతారు. ఉప్పూ నూనే అయితే సరే, చెప్పుల సంగతేమిటి? దానికీ ఒక పద్ధతి ఉంది. పాదం పక్కన సన్నటి వెదురు పుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా చూసి విరుస్తారు. ఏ పుల్ల ఎవరిదో మరిచిపోకుండా ఒకదానికి గాటు పెడతారు, ఒకదానికి ఎర్ర దారం చుడతారు, ఒకదాని కొస కాలుస్తారు. అన్నీ కలిపి నారతో కట్టి నడుముకి దోపుకుని వస్తారు.

ఆ పుల్లని చెప్పులో పరిచి, ముందువైపు గోరంత జాగా వదలాలని మా నాన్న నాకు నేర్పాడు. నాన్న పోయాక కిరాణా కొట్టు మా అన్నకీ, పక్కనున్న చెప్పుల కొట్టు నాకూ వచ్చాయి. మా ఆయన కిరండూల్ గనుల్లో పని చేస్తూ నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజులు నేనూ, కొట్టూ, పక్క కొట్లో అన్నా. రెండు కొట్లకీ మధ్య రేకు గోడ. అన్న దగ్గితే నాకు వినపడేది, నేను ఎవరి మీదైనా అరిస్తే ఆయన గోడ మీద తట్టేవాడు. నేను అరవని రోజు తక్కువ, అది వేరే సంగతి.

పుల్లలు పట్టుకొచ్చేవాళ్ళలో మాకు బాగా చనువైనవాడు ఒకాయన ఉండేవాడు. దోర్లా తెగ మనిషి, వ్యవసాయం, నాకంటే పదేళ్ళు చిన్న. మా ఇంట్లో పుల్లలాయన అనే పిలుచుకునేవాళ్ళం. మా అన్న ఆయన్ని 'బావా' అనేవాడు, ఆయనేమో నన్ను 'అక్కా' అనేవాడు. వరసలు కుదరవయ్యా అంటే నవ్వేసేవాడు. ఒక్కో పుల్లా తీసి నా ముందు పెడుతూ దాని కథ చెప్పేవాడు. "ఇది మా అత్తది. కాలు ఇంత లేదు గానీ బిగువుంటే నన్ను తిడతది, అందుకే రెండు వేళ్ళంత ఎక్కువ ఇరిసిన" అనేవాడు. పసిపిల్లల పుల్లలకి మాత్రం పెద్ద సైజే ఇమ్మనేవాడు, వచ్చే ఏడు కూడా వాడుకోవచ్చని. మా అన్న పక్క కొట్లోంచి, "బావా, నీకు చెప్పులెందుకు, దూడకి గిట్టలున్నట్టు నీకు పుట్టుకతోనే ఉన్నయి గదా" అని ఎగతాళి చేసేవాడు. ఆయన పాదాలు నిజంగానే అంత మొద్దుగా ఉండేవి. అందరం నవ్వేవాళ్ళం.

మా బజారు వాళ్ళ నోళ్ళ గురించి కూడా చెప్పాలి. మేమంతా మూడు నాలుగు తరాల కింద భద్రాచలం వైపు నుంచో రాజమండ్రి వైపు నుంచో వచ్చి స్థిరపడిన తెలుగు కోమటి కుటుంబాలం. అడవి వాళ్ళు తెచ్చే చింతపండూ ఇప్పపువ్వూ కొని, వాళ్ళకి సరుకులమ్మి బతికాం, మేడలు కట్టాం. అయినా వాళ్ళు వెనక్కి తిరగ్గానే 'జంగిలోళ్ళు' అనే మాట మా వాళ్ళ నోట్లోంచి ఉమ్మినంత తేలిగ్గా వచ్చేస్తుంది. టీ కొట్లో వాళ్ళకి వేరే గ్లాసులుంటాయి. నేను ఈ విషయం మీద చాలామందితో తగువు పెట్టుకున్నాను, గయ్యాళి అనే పేరు కూడా తెచ్చుకున్నాను. మా అన్న మాత్రం అలా అనగా నేనెప్పుడూ వినలేదు. సంతకొచ్చిన ముసలివాళ్ళని తన కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చేవాడు. అందరూ ఒక ఎత్తు, మా అన్న ఒక ఎత్తు అనుకునేదాన్ని.

ఆ ఏడాది తునికాకు డబ్బులు చేతికొచ్చాక పుల్లలాయన సంత రోజు దాకా ఆగకుండా ఎప్పటికన్నా పెద్ద కట్ట పట్టుకొచ్చాడు. వానలు మొదలవకముందే ఊరందరికీ చెప్పులు కావాలన్నాడు. నా దగ్గర నల్ల ప్లాస్టిక్ రకం ఒక్కటే నిండుగా ఉంది, అవే ఇచ్చాను. పుల్లలు నీ దగ్గరే ఉంచుకో, ఇంటికెళ్ళాక ఏది ఎవరిదో తెలియొద్దా అని నేనే తిరిగి ఆయన చేతికిచ్చాను. జతలన్నీ తాడుకి గుచ్చి కావిడికి వేలాడదీసుకుని వెళ్ళాడు.

ఊరు దాటాక పోలీసు క్యాంపు దగ్గర ఆపారట. ఇన్ని జతల చెప్పులు, అన్నీ ఒకే రంగు, ఎవరికని అడిగారట. మా ఊరోళ్ళకి అన్నాడు. ఊరోళ్ళకా, దళానికా అని మొదలుపెట్టారు. నడుములో పుల్లల కట్ట దొరికేసరికి ఇక చెప్పేదేముంది. గాట్లూ దారాలూ చూసి అదేదో రహస్య సంకేతమన్నారు. తుపాకీ మడమలతో వీపు మీదా భుజాల మీదా కొట్టి, చేతులు వెనక్కి కట్టి, మళ్ళీ మా ఊరికే తెచ్చి పోలీసు థానాలో పడేశారు. ఈ సంగతంతా దారిలో ఆయన వెనక వస్తున్న వాళ్ళు చూసి గూడెంలో చెప్పారు. మర్నాడు పొద్దెక్కేసరికి ఆయన భార్య నా కొట్టు ముందుంది, ఆమె వెనక గూడెం గూడెమంతా ఉంది.

వాళ్ళు నన్ను ఏడుస్తూ ఏమీ అడగలేదు. జరిగింది చెప్పి, నేరుగా థానాకి వెళ్ళి గేటు ముందు రోడ్డుకడ్డంగా కూర్చున్నారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. దారిలో ఉన్న వేరే గూడేల వాళ్ళు కూడా వచ్చి చేరారు. ఎందుకలా రోడ్డు మీదే కూర్చున్నారని నేను ఆయన భార్యని అడిగాను.

"జిల్లాకు తోలుకపోతే ఇగ రాడక్కా. మా పక్కూరోళ్ళు పోయినోళ్ళు ఇంకా రాలే. ఈడ ఉన్నంతసేపే మా మనిషి. జీపు కదలకుండ కూసున్నం" అంది.

అంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు. ఒకసారి కాగితాలు రాసి జిల్లాకి పంపితే కేసు తేలేలోపు పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు, కొందరైతే అసలు చేరాల్సిన చోటికి చేరరు కూడా. వాళ్ళకి కావలసిందల్లా ఒకటే. చెప్పులమ్మినవాళ్ళు, ఈయన్ని ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు, లోపలికి వెళ్ళి నిజం చెప్పాలి. ఊరంతటి చెప్పులూ ఒక్క మనిషి కొనడం ఇక్కడి రివాజు అని మా బజారులో తెలియనివాళ్ళెవరు? పుల్లలు చూడని వర్తకుడెవడు?

నేను వెంటనే అన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన వర్తకుల సంఘానికి అధ్యక్షుడు. ఆ సాయంత్రమే రైసు మిల్లులో అందర్నీ పిలిచాడు. మనకెందుకొచ్చిన గొడవ అని సగం మంది గొణిగారు. నేను నోరు విప్పాను. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఎవరు కొన్న సరుకుతో జరిగాయో ఒక్కసారి తలుచుకోండి అన్నాను. మా అన్న లేచి నిలబడి, రేపు సంత రోజైనా సరే ఒక్క షట్టరు కూడా లేవకూడదనీ, తాను ముందుండి థానాకి వెళ్తాననీ చెప్పాడు. బావ ఎట్లాంటోడో నాకు తెలుసు అన్నాడు అందరి ముందూ. నమ్మి చెడినవాళ్ళు లేరంటారు పెద్దలు. ఆ రోజు మా అన్నని చూసి నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు. ఇంటికెళ్ళి మా ఆయనకి ఫోన్ చేసి అరగంట అన్న గురించే చెప్పాను. ఆ సామెత పుట్టించినవాళ్ళకి మా అన్నలాంటి అన్న ఉండి ఉండడు.

మర్నాడు నిజంగానే బజారంతా మూసి ఉంది. రోడ్డు మీద జనం అలాగే కూర్చుని ఉన్నారు, మండుటెండలో, నెత్తిన తువ్వాళ్ళూ కొంగులూ కప్పుకుని. మా అన్న ఒక్కడే ముందు లోపలికి వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచి, పని అయిపోయింది, వదిలేస్తారు అన్నాడు. అయితే రోడ్డు మీద జనం ఉండగా వదిలితే పోలీసులు భయపడ్డట్టు అవుతుందట, ముందు రోడ్డు ఖాళీ చేయాలట. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. వాళ్ళ పరువు వాళ్ళకుంటుంది కదా అనుకున్నాను. "నువ్వు నా పక్కన నిలబడు చెల్లే, ఆళ్ళకు ధైర్యంగుంటది" అన్నాడు. నిలబడ్డాను.

అన్న వాళ్ళతో మా సరిహద్దు మాటలోనే, ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

"సాబ్ మాటిచ్చిండు. మీ మనిషిని నేనే చెయ్యి పట్టుకొని తోలుకొస్త. మీరిట్ల రోడ్డు మీద కూసుంటే ఆయనకు పైనుంచి మాట పడతది. లేచి సంత షెడ్డుల నీడకు కూసోండ్రి. నేనూ మా చెల్లే లోపలికి పోతున్నం."

వాళ్ళు వెంటనే లేవలేదు. ముసలివాళ్ళు వాళ్ళ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచారు. బజారు చివర, థానాకి కనపడనంత దూరంలో ఉన్న షెడ్డు వైపు నడిచారు. పుల్లలాయన భార్య అందరికన్నా చివర వెళ్ళింది.

లోపల ఆయన నేల మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మమ్మల్ని చూడగానే ఆ రెండో కంట్లో వెలుగొచ్చింది, లేవబోయాడు. కూర్చోమని అరిచారు. బల్ల మీద పుల్లలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. థానేదారు మా అన్నని కుర్చీలో కూర్చోబెట్టి, ఈ మనిషిని ఎరుగుదువా అని హిందీలో అడిగాడు.

మా అన్న ఆయన వైపు చూడకుండా హిందీలోనే జవాబు చెప్పాడు.

"సబ్ ఏక్ జైసే దిఖ్‌తే హైఁ, సాబ్."

అందరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఎవరు ఎవరో మేమెలా చెప్పగలం, సంతలో ఎంతోమంది వస్తారు, పోతారు అని కూడా అన్నాడు. నేను ముందు తప్పు విన్నాననుకున్నాను. ఇరవై ఏళ్ళ నుంచి బావా అని పిలిచిన నోరది. ఆయన పాదాల మీద హాస్యమాడిన నోరది. అది కూడా హిందీలో అన్నాడు, కింద కూర్చున్న మనిషికి తెలియదన్నట్టు. దోర్లీ, గోండీ, తెలుగు, బజారు హిందీ, నాలుగింటిలోనూ బేరమాడగల మనిషికి ఆ ఒక్క మాట అర్థం కాదనుకున్నాడు మా అన్న. ఆయనకి అర్థమైంది. ఆయన ముఖం నేను చూశాను. పోలీసుల దెబ్బలకి వాచిన ముఖం ఆ మాటకి పాలిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఎరుగుదును, నేనే అమ్మాను అన్నాను. బల్ల దగ్గరికి వెళ్ళి పుల్లలు చూపిస్తూ, ఇది వాళ్ళ అత్తది, ఇది భార్యది, ఈ గాటు పెట్టింది తమ్ముడిది అని గుర్తున్నంత మేరకి చెప్పాను. అన్నిటికన్నా చిన్న పుల్ల చేతిలోకి తీసుకుని, ఇంత చిన్నపిల్లలతో కూడా దళం నడుపుతారా అని అడిగాను. థానేదారు నవ్వాడు. ఇంత బాగా తెలిసినదానివి నువ్వు కూడా ఆయన పక్కనే కూర్చో, ఇద్దరి పేర్లూ కలిపే రాస్తాం అన్నాడు. రాసుకోండి అన్నాను. మా అన్న నా రెక్క పట్టుకుని, ఆడమనిషి, తెలియక మాట్లాడుతోంది సాబ్ అంటూ బయటికి లాక్కొచ్చాడు. మెట్ల మీద విడిపించుకోబోతుంటే వెనక జీపు ఇంజను మోగింది.

రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన్ని ఎక్కించుకున్న జీపు మా పక్కనుంచే మలుపు తిరిగి జిల్లా వైపు వెళ్ళిపోయింది. ఆపడానికి ఒక్క మనిషి లేడు. షెడ్డులోంచి వాళ్ళు చూసి పరిగెత్తుకొచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. ఆయన భార్య ఆ దుమ్ములో చాలా దూరం పరిగెత్తింది. ఆమెని పట్టుకుని వెనక్కి తెచ్చేలోపే మా బజారులో షట్టర్లు లేవడం మొదలైంది. అన్నిటికన్నా ముందు లేచింది మా అన్న షట్టరు. సంత రోజు కదా మరి, బేరం పోతుంది.

ఆ సాయంత్రం ఆయన కొట్టుకి వెళ్ళి నిలదీశాను. నిన్ను కూడా కేసులో ఇరికిస్తామన్నారు, నీ పేరు రాకుండా ఉండాలంటే రోడ్డు ఖాళీ చేయించమన్నారు అన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి, నన్నేం చేయమంటావన్నాడు.

"సొంత చెల్లెను కాపాడుకోవాల్నా, ఆణ్ణి కాపాడుకోవాల్నా? నువ్వే చెప్పు" అన్నాడు.

పొద్దుటి దాకా 'బావ', సాయంత్రానికి 'ఆడు'. నన్ను కాపాడమని నేను అడిగానా అన్నాను. నా పేరు అడ్డం పెట్టుకుని ఇంకొకడి మెడ కోయమని ఎప్పుడు చెప్పానన్నాను. ఆయన త్రాసు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నా గురించి వాళ్ళు నిజంగా బెదిరించారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. క్యాంపుకి కూరగాయలూ సరుకులూ పంపేది ఆయనే అన్న సంగతి మాత్రం తెలుసు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అందరూ మాటవరసకి అంటారు, నాకు నా రక్తమే చేసి చూపించింది. ఆ రోజు నుంచి ఆయనతో మాటల్లేవు. గోడ అవతల దగ్గు వినపడితే రేడియో పెంచుతాను. ఆళ్ళ కోసం అన్నతో వైరమేంది అని బజారు ఆడవాళ్ళు నాకు బుద్ధి చెబుతారు. ఆళ్ళు అనే ఆ ముక్క వింటేనే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆ తర్వాత పుల్లలు తెచ్చేవాళ్ళు లేరు. నడుములో వెదురు ముక్క ఉంటే ఏమంటారోనని భయం. ఎవరి చెప్పులకి వాళ్ళే రావాలి, రాలేనివాళ్ళు వట్టి కాళ్ళతో తిరగాలి. అయినా గూడెం వాళ్ళు ఊరుకోలేదు. చందాలు వేసుకుని వకీలుని పెట్టుకున్నారు, పేషీ ఉన్న ప్రతిసారీ పది మంది కలిసి కోర్టుకి వెళ్ళి బయట నిలబడతారు. మా బజారు నుంచి వెళ్ళేది నేనొక్కదాన్నే. కేసు ఇంకా అక్కడే ఉంది.

చలికాలంలో ఆయన భార్యని జగదల్‌పూర్ జైలుకి ములాఖాత్‌కి తీసుకెళ్ళాను. ఇనప జాలీ అవతల ఆయన సగమైపోయాడు. ఇంటి పైకప్పు గురించి, ఎద్దు గురించి, పిల్ల బడికి పోతోందా అని, అన్నీ భార్యనే అడిగాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వెళ్ళేముందు నేను తమ్ముడూ అన్నాను. తల ఊపాడు, అంతే. అన్న మీది కోపం నా మీద చూపిస్తున్నాడనుకుని మనసు కష్టపెట్టుకున్నాను. నేను నోరు విప్పి నిజం చెప్పానని ఆయనకి తెలుసు కదా, మరి నా మీదెందుకు?

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక, నన్ను ఇన్ని నెలలుగా తొలుస్తున్న మాట అడిగాను. ఆ రోజు మీరెందుకు లేచారు, రెండు రోజులు ఎండలో కూర్చున్నవాళ్ళు మా అన్న ఒక్క మాట చెప్పగానే అలా ఎలా నమ్మారు అన్నాను. నా గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉందేమో.

ఆమె నా వైపు తిరిగి, ఇది నీకు తెలియదా అన్నట్టు చూసింది.

"సేటును ఎవలు నమ్మిండ్రక్కా? మా ముసలోళ్ళు లేవొద్దనే అన్నరు. నువ్వు పక్కన నిలబడితివి గదా. ఉత్తమాటైతే అక్క ఊకుంటదా అనుకున్నం. నిన్ను జూసి లేచినం."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. బస్సు గుంతల్లో ఊగుతూ పోతోంది, ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు మా అన్న నన్ను పక్కన ఎందుకు నిలబెట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. తన మాటకి వాళ్ళు లేవరని ఆయనకి ముందే తెలుసు.